తాళం తిప్పితే ‘టక్’మని ఆగిపోయే ట్రాక్టరు

ప్రశ్న: మాది విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలం. నా ట్రాక్టరు కొని ఎనిమిదేళ్లయింది. నెల రోజులుగా ఉదయం తాళం తిప్పితే సెల్ఫ్ తిరగడం లేదు. ‘టక్’మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుంటోంది. హారన్ మోగుతోంది, హెడ్‌లైట్లు వెలుగుతున్నాయి. బ్యాటరీ పోయిందని మెకానిక్ చెబితే కొత్తది వేయించాను. పది రోజులు బాగా నడిచి మళ్లీ మొదటికొచ్చింది. పల్లంలో దొర్లిస్తే మాత్రం వెంటనే అందుకుంటోంది. ఇప్పుడు సెల్ఫ్ మోటారు మార్చాలంటున్నారు. ఉభాలు (వరి నాట్లు) దగ్గరపడుతున్నాయి, చేతిలో డబ్బు లేదు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, పద్మనాభం మండలం

జవాబు: సెల్ఫ్ మోటారు ఇప్పుడే కొనకండి. మీరు రాసిన నాలుగు సంగతులలోనే లోపం ఎక్కడుందో చాలావరకు తెలుస్తోంది.

పల్లంలో దొర్లిస్తే అందుకుంటోందంటే డీజిలు, పంపు, ఇంజిను సవ్యంగా ఉన్నట్టే. డీజిలు ఇంజినుకు స్పార్కు ప్లగ్గులు ఉండవు కనుక ఒకసారి తిరగడం మొదలైతే దానికి కరెంటుతో పెద్దగా పని ఉండదు. తాళం తిప్పినప్పుడు ‘టక్’మంటోందంటే తాళం, క్లచ్ దగ్గరి సేఫ్టీ స్విచ్, అక్కడి నుంచి సొలినాయిడ్‌కు (తాళం తిప్పగానే సెల్ఫ్‌కు లావు తీగ కరెంటును కలిపే స్విచ్‌కు) వెళ్లే సన్న తీగ తమ పని తాము చేస్తున్నాయి. ఇక మిగిలింది బ్యాటరీ నుంచి సెల్ఫ్ వరకు వెళ్లే లావు తీగలు, వాటి అతుకులు, సొలినాయిడ్ లోపలి రాగి బిళ్లలు, సెల్ఫ్ మోటారు, ఇవే. వీటిలో అన్నిటికన్నా ఎక్కువగా చెడిపోయేవీ, అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో బాగయ్యేవీ అతుకులే.

లైట్లు వెలుగుతున్నప్పుడు అతుకులు ఎలా చెడిపోతాయని మీకు సందేహం కలగవచ్చు. ఒక హెడ్‌లైటు బల్బుకు దాదాపు 5 ఆంపియర్లు చాలు. సెల్ఫ్ తిరగాలంటే 200 ఆంపియర్లకు పైగా కావాలి. పూడుకుపోయిన కాలువలో మేకలు తాగేటన్ని నీళ్లు పారవచ్చు, ఆ నీళ్లతో మడి దమ్ముకు తడవదు. తుప్పు పట్టిన అతుకు కూడా అటువంటిదే.

ముందుగా పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. చీకటి పడ్డాక హెడ్‌లైట్లు వేసి, ఒకరిని వాటి ముందు దూరంగా, పక్కకు నిలబెట్టి తాళం తిప్పండి. లైట్లు ఒక్కసారిగా మసకబారి ఆరిపోయినంత పని అయితే బ్యాటరీలోనో, దాని టెర్మినళ్లలోనో, బ్యాటరీ నెగెటివ్‌ను ట్రాక్టరు ఒంటికి కలిపే బాడీ ఎర్త్ తీగలోనో చాలావరకు లోపం ఉంటుంది. లైట్లు ఏమాత్రం తగ్గకుండా ‘టక్’మని మాత్రమే వినిపిస్తే లోపం చాలావరకు సొలినాయిడ్‌లోనో, సెల్ఫ్‌లోనో ఉంటుంది. ‘టకటకటక’మని వరుసగా కొట్టుకుంటే చాలాసార్లు బ్యాటరీలో ఛార్జి లేదని అర్థం.

తర్వాత వోల్టులు కొలిచే మల్టీమీటరు ఒకటి సంపాదించండి. రాత్రంతా కదపని బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే ఛార్జి నిండుగా ఉన్నట్టు. 12.2 కన్నా తక్కువ చూపితే ముందు ఛార్జి పెట్టించి, ఆ తర్వాతే మిగతా పరీక్షలు చేయాలి. నిండు ఛార్జి ఉన్నా తాళం తిప్పినప్పుడు 9.6 కన్నా దిగిపోతుంటే బ్యాటరీ బలహీనపడింది. బ్యాటరీ బాగుందని తేలాక, మీటరు ఒక మొనను బ్యాటరీ నెగెటివ్ సీసపు మొగ్గ మీద ఆనించండి. క్లాంపు మీద కాదు, సరిగ్గా మొగ్గ మీదే ఆనించాలి. రెండో మొనను సెల్ఫ్ మోటారు ఒంటి మీద శుభ్రమైన లోహానికి ఆనించి, మరొకరిని తాళం తిప్పమనండి. ఆ క్షణాన మీటరు అర వోల్టు దాటితే ఎర్త్ దారిలో అడ్డు ఉంది. పాజిటివ్ మొగ్గకూ, సెల్ఫ్ మీద లావు తీగ బిగించిన బోల్టుకూ మధ్య కూడా ఇలాగే చూడండి. ఈ పరీక్షలన్నీ గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజిను ఆపే తీగ లాగి ఉంచి చేయాలి.

మన జిల్లా రైతులకు ఎర్త్ తీగ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సముద్రపు గాలిలోని ఉప్పు, తేమ కలిసి రాగిని తినేస్తాయి. ఇటీవల భీమిలి సమీపంలో ఇలాంటి లోపమే ఉన్న ఒక ట్రాక్టరును చూశాను. బాడీ ఎర్త్ తీగ పైకి కొత్తదానిలా నల్లగా మెరుస్తోంది, బోల్టు కూడా బిగుతుగానే ఉంది. లగ్గుకు (తీగ చివర బోల్టుతో బిగించే లోహపు కొసకు) బెత్తెడు దూరంలో తొడుగు కొద్దిగా ఉబ్బినట్టు కనిపిస్తే వేళ్లతో నొక్కాను. లోపల ఇసుక నలిగినట్టు కరకరలాడింది. చాకుతో చీల్చి చూస్తే రాగి పోగులలో సగానికి పైగా పచ్చటి పొడిగా మారి ఉన్నాయి. ఆ యజమాని కూడా అప్పటికే ఒక కొత్త బ్యాటరీ కొని ఉన్నారు. ఆయన డబ్బు అలా వృథా కావడం నాకు నిజంగా బాధ కలిగించింది. అందుకే మీరు కళ్లతో చూసి వదిలేయకుండా, తీగ పొడవునా వేళ్లతో నొక్కి చూడండి.

అతుకులు శుభ్రం చేసేటప్పుడు నెగెటివ్ తీగను ముందు విప్పి, పాజిటివ్‌ను తర్వాత విప్పాలి. బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. ఈ వరుస తప్పి పాజిటివ్ విప్పుతుండగా పానా ట్రాక్టరు ఒంటికి తగిలితే నిప్పురవ్వలు లేచి చేయి కాలుతుంది. బ్యాటరీ మూతలు బిగించి ఉంచి, గోరువెచ్చని నీళ్లలో వంటసోడా కలిపి టెర్మినళ్ల మీది తెల్లని, పచ్చని బూజును కడగండి. ఆరిన తర్వాత మొగ్గలనూ, క్లాంపుల లోపలి వైపునూ, ఎర్త్ లగ్గు ఆనే చోటునూ ఎమెరీ కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దండి. లగ్గు కింద పెయింటు ఉంటే అది కూడా పోవాలి. బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూయండి.

ఇంత చేసినా ‘టక్’ దగ్గరే ఆగితే, సొలినాయిడ్ మీది రెండు లావు బోల్టుల మధ్య మీటరు పెట్టి తాళం తిప్పండి. ‘టక్’మన్న తర్వాత కూడా 12 వోల్టుల దగ్గరే చూపుతుంటే లోపలి రాగి బిళ్లలు కాలిపోయాయి. అప్పుడు సొలినాయిడ్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. మీటరు సున్నాకు దగ్గరగా వచ్చినా మోటారు తిరగకపోతే, ఎక్కువ సందర్భాలలో మోటారు లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఉంటాయి.

కొత్త బ్యాటరీ పది రోజులకే ఎందుకు మొరాయించిందన్నది కూడా తేలాలి. ఇంజిను మధ్యస్థ వేగంలో తిరుగుతుండగా బ్యాటరీ మీద 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. 12.5 దగ్గరే ఆగితే డైనమో ఛార్జి చేయడం లేదు. డైనమోను విప్పేముందు బెల్టు వదులయిందేమో, డైనమో వెనుక తీగ ఊడిందేమో చూడండి. ఛార్జి సరిగా ఉండి రాత్రికి రాత్రే దిగిపోతుంటే, పాటల పెట్టెకో అదనపు లైట్లకో తాళంతో సంబంధం లేకుండా తీగ కలిపి ఉండవచ్చు. ఒక రాత్రి నెగెటివ్ తీగ విప్పి ఉంచండి. ఉదయం బిగించగానే సెల్ఫ్ తిరిగితే కరెంటు ఎక్కడో కారిపోతున్నట్టే.

ట్రాలీ తగిలించి ఉన్నప్పుడు దయచేసి పల్లంలో దొర్లించవద్దు. ఇంజిను అందుకోకపోతే ఆ బరువును బ్రేకులు ఆపలేకపోవచ్చు.

ప్రశ్న: తాళం తిప్పితే నా ట్రాక్టరు ఏ చప్పుడూ చేయదు. పక్కింటి కుర్రవాడు స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ బోల్టులు కలిపితే స్టార్టవుతోంది. రోజూ ఇలా చేయవచ్చా?
– ఒక పాఠకుడు, ఆనందపురం

జవాబు: చేయకూడదు, ఈ రోజు నుంచే మానిపించండి. ఆ కుర్రవాడు నిలబడుతున్నది వెనుక చక్రానికి ముందు. బోల్టులు నేరుగా కలిపితే సేఫ్టీ స్విచ్‌తో పని ఉండదు కనుక, గేరు పడి ఉన్నా ఇంజిను అందుకుంటుంది, ట్రాక్టరు కదులుతుంది. పక్కకు తప్పుకొనే వ్యవధి ఉండదు. ఈ విధంగా ప్రాణాలు పోయిన సందర్భాలు ఉన్నాయి.

స్క్రూడ్రైవరుతో తిరుగుతోందంటే మీ బ్యాటరీ, సెల్ఫ్ బాగున్నాయి. క్లచ్ పూర్తిగా తొక్కి, గేరు, పీటీవో (వెనుక తగిలించిన పనిముట్లను తిప్పే షాఫ్టు) లివర్లు న్యూట్రల్‌లో ఉంచి తాళం తిప్పి చూడండి. మార్పు లేకపోతే టెస్ట్ ల్యాంపు ఒక కొసను ఎర్త్‌కు, మరో కొసను సొలినాయిడ్ మీది సన్న తీగకు పెట్టి, మరొకరిచేత తాళం తిప్పించండి. వెలిగితే లోపం సొలినాయిడ్‌లో ఉంది. వెలగకపోతే ఫ్యూజు, తాళం స్విచ్, సేఫ్టీ స్విచ్ వరుసగా చూసుకుంటూ వెనక్కి రండి. దమ్ము చేసిన తర్వాత సేఫ్టీ స్విచ్‌లో బురద చేరడం, షెడ్డులో ఎలుకలు తీగలు కొరకడం తరచుగా కనిపించే కారణాలు. సేఫ్టీ స్విచ్ పాడైతే కొత్తది వేయించండి. తీగలు కలిపేసి దాన్ని తప్పిస్తామని ఎవరన్నా ఒప్పుకోవద్దు.

ప్రశ్న: బ్యాటరీ దిగిపోయినప్పుడు లారీ బ్యాటరీ నుంచి తీగలు కలిపి స్టార్ట్ చేసుకోవచ్చా?
– ఒక మహిళా రైతు, భీమునిపట్నం మండలం

జవాబు: పెద్ద లారీలలో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు ఉంటుంది. మీ ట్రాక్టరుది 12 వోల్టులు కనుక లారీతో కలపవద్దమ్మా. 12 వోల్టుల కారు నుంచో మరో ట్రాక్టరు నుంచో తీసుకోవచ్చు. ఎర్ర తీగను మొదట మీ బ్యాటరీ పాజిటివ్‌కు, తర్వాత వారి పాజిటివ్‌కు బిగించండి. నల్ల తీగను వారి నెగెటివ్‌కు బిగించి, దాని రెండో కొసను మీ బ్యాటరీకి కాకుండా, బ్యాటరీకి దూరంగా ఇంజిను మీద పెయింటు లేని లోహానికి పట్టించండి. చివరి అతుకు దగ్గర రవ్వ రావడం సహజం, బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్‌కు ఆ రవ్వ అంటుకుంటే బ్యాటరీ పేలుతుంది. ఇంజిను అందుకున్నాక తీగలను ఇదే వరుసలో వెనక నుంచి ముందుకు విప్పండి.