మెడకి టవల్ కట్టుకున్న హీరోలు: మీ ప్రశ్నలు, నా జవాబులు

పోయినసారి పిల్లల టీవీ గురించి అడగమన్నాను కదా, వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సూపర్ హీరో కార్టూన్ల మీదే ఉన్నాయి. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు, ఐదు ప్రశ్నలకి జవాబు చెప్తాను. ముందే ఒక మాట, నేను డాక్టర్ని కాను. చాలా ఏళ్లు నర్సరీ పిల్లలకి టీచర్‌గా చేశాను, ఇప్పుడు ఇంట్లో ఐదేళ్ల మనవడితో కూర్చుని ఆ కార్టూన్లన్నీ చూస్తున్నాను. నాకు తెలిసింది అంతే.

ప్రశ్న: అక్కా, మా బాబుకి నాలుగేళ్లు. పొద్దస్తమానం పీజే మాస్క్స్ కార్టూన్, లేదంటే స్పైడర్‌మ్యాన్ పిల్లల కార్టూన్ స్పైడీ. మెడకి టవల్ కట్టమంటాడు, దివాన్ మీంచి దూకుతాడు. పోనీలే అనుకుంటే, పోయిన వారం స్కూల్లో పక్క పిల్లాణ్ణి కాలితో తన్నాడట. ఎందుకు తన్నావురా అంటే "వాడు రోమియో" అన్నాడట. మిస్ పిలిచి చెప్తే తల కొట్టేసినట్టయింది. వాళ్ల నాన్న ఆ యాప్‌లన్నీ తీసిపారేస్తానంటున్నారు. మా అత్తయ్యేమో మగపిల్లలంటే అంతే అంటారు. ఆ కార్టూన్లలో చివర్లో మంచి మాటే చెప్తారు కదా, అది వీడికెందుకు ఎక్కట్లేదు? (ఖమ్మం నుంచి ఒక అమ్మ)

జవాబు: రోమియో అన్నాడని చదవగానే నవ్వొచ్చింది, ఆ తన్నులు తిన్న పిల్లాణ్ణి తలుచుకుంటే పాపం అనిపించింది. తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను, రోమియో అంటే ప్రేమికుడు కాదు, పీజే మాస్క్స్‌లో యంత్రాలు తయారుచేసి ఊరిని ఏలేద్దామనుకునే ఒక పిల్ల విలన్.

మీరు చివర్న అడిగిందే అసలు ప్రశ్న, దాంతోనే మొదలుపెడతాను. పీజే మాస్క్స్ కథ ఎప్పుడు చూసినా ఒకే దారిలో నడుస్తుంది. పగలు ముగ్గురు మామూలు పిల్లలు, రాత్రికి క్యాట్‌బాయ్, ఔలెట్, గెక్కో అవుతారు. ఆ ముగ్గురిలో ఒకడికి ఆ రోజు ఏదో ఒక బుద్ధి పుడుతుంది, తొందరపాటో, గొప్పకి పోవడమో, చెప్పింది వినకపోవడమో. దానివల్ల పని చెడుతుంది. ఆఖర్లో తప్పు తెలుసుకుని సరిదిద్దుకుంటాడు, గెలుస్తారు. రాసినవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ లెక్క వేసి చూడండి, పదకొండు నిమిషాల కథలో తప్పు చేయడం, దెబ్బలాట, పరుగులు దాదాపు అంతా ఆక్రమిస్తాయి, బుద్ధి తెచ్చుకోవడం మాత్రం ఒకటి రెండు నిమిషాల్లో తేలిపోతుంది. నాలుగేళ్ల బుర్ర దేన్ని పట్టుకుంటుంది మరి?

నేనే ఒకరోజు మా వాణ్ణి పరీక్షించాను. కథ అయిపోయింది, నీతి చెప్పేశారు, నేను గొంతు సవరించుకుని "ఏం నేర్చుకున్నావు నాన్నా?" అన్నాను. వాడు బిస్కెట్ నములుతూ తల కూడా తిప్పకుండా "రోమియో బండి డాం అంది" అన్నాడు. అంతే, వాడికి కథ అదే.

మీ వాడు, మా వాడే కాదు, పిల్లలందరిదీ ఇదే తంతు. 2008లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు కిండర్‌గార్టెన్ పిల్లలకి ఒక కుక్కల కార్టూన్ చూపించారు. అందులో మూడు కాళ్ల కుక్కని చూసి మిగతా కుక్కలు భయపడతాయి, తర్వాత కలిసిపోతాయి. మనకంటే తేడాగా ఉన్నవాళ్లని వేరుగా చూడకూడదు అనేది నీతి. పిల్లల్ని అడిగితే చాలామంది ఆ కుక్క దగ్గరే ఆగిపోయారు, మూడు కాళ్ల కుక్కతో మంచిగా ఉండాలి అన్నారు. కుక్క నుంచి మనిషికి వెళ్లే ఆ గెంతు ఆ వయసుకి అందదు.

ఇంకొకటి 2017లో వచ్చింది. బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు సుమారు 240 మంది చిన్నపిల్లల్ని తీసుకుని, ఏడాది తర్వాత మళ్లీ చూశారు. సూపర్ హీరోల పిచ్చి ఎక్కువ ఉన్న పిల్లల్లో కొట్టడం, కసరడం ఎక్కువే కనిపించింది. ఏడుస్తున్న పిల్లాడికి సాయం చేయడం, ఎవరైనా ఏడిపిస్తే అడ్డం వెళ్లడం లాంటివి మాత్రం ఎక్కువ కాలేదు. హీరో చేసే రెండు పనుల్లో ఒక్కటే దిగిందన్నమాట. దీన్ని పట్టుకుని కార్టూన్ వల్లే కొట్టాడని తేల్చేయకండి, కొట్టే స్వభావం ఉన్న పిల్లలే ఇవి ఎక్కువ ఇష్టపడుతుండొచ్చు కూడా. ఆ పరిశోధకులు కూడా పూర్తిగా మాన్పించమని చెప్పలేదు.

అందుకని వాళ్ల నాన్నగారిని కాస్త ఆగమనండి. మీరు చేయాల్సింది ఏంటంటే, రిమోట్ చేతిలో పెట్టుకుని వాడి పక్కన కూర్చుని కథ మధ్యలో, అంటే క్యాట్‌బాయ్ తొందరపడి పని చెడగొట్టిన చోట ఆపండి. "ఇప్పుడు వీడు ఏం చేసుంటే బాగుండేది?" అని ఒక్కటే అడగండి. వాడు విసుక్కుంటాడు, అయినా ఏదో ఒకటి చెప్తాడు. చివర్న అడిగితే డాం అంటాడు, మధ్యలో అడిగితే ఆలోచిస్తాడు, నాకైతే ఇది పనిచేసింది. ఇంకా వీలైతే ఆటలో విలన్ మీరే అవ్వండి. రోమియో వేషం ఇంట్లో అమ్మకి ఉంటే స్కూల్లో పక్క పిల్లాడికి ఇవ్వాల్సిన అవసరం రాదు. తరమొచ్చు, దాక్కోవచ్చు, వల వేసినట్టు నటించొచ్చు, చెయ్యి కాలు తగిలితే మాత్రం ఆట బంద్. ఈ రూల్ ముందే చెప్పాలి, తన్నాక కాదు. ఆ పక్క పిల్లాడికి మీ వాడి చేత సారీ చెప్పించారా? ఆ సంగతి రాయలేదు మీరు.

దివాన్ మీంచి దూకడం సంగతి మాత్రం సీరియస్‌గా తీసుకోండి. 1997లో దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలైనప్పుడు మీరు చిన్నపిల్లలై ఉంటారు, వాడు వచ్చి పట్టుకుంటాడని పిల్లలు పైనుంచి దూకుతున్నారని అప్పట్లో పేపర్ల నిండా వార్తలు. చివరికి శక్తిమానే తెర మీదకొచ్చి ఇలా చేయకండర్రా అని చెప్పాల్సి వచ్చింది. మొన్న 2020లో బొలీవియాలో అన్నదమ్ములు ముగ్గురు స్పైడర్‌మ్యాన్ అయిపోదామని విషపు సాలీడు చేత కావాలని కుట్టించుకుని ఆసుపత్రిలో పడ్డారు, బతికి బయటపడ్డారు లెండి. వాళ్లలో పెద్దవాడికి 12 ఏళ్లట. ఇక నాలుగేళ్లవాడి మాట చెప్పేదేముంది! ఇది మనుషులు కంప్యూటర్లో గీసిన బొమ్మ, నిజంగా ఎవరూ ఎగరరు అని మళ్లీ మళ్లీ చెప్పండి. దివాన్ ముందు పరుపు వేయండి. బాల్కనీ గ్రిల్ తలుపుకి గడియ పెట్టండి. టవల్ మెడకి ముడి వేయకుండా చొక్కా భుజాలకి వెల్క్రోతో అంటించండి, ఎక్కడైనా చిక్కుకుంటే ఊడి వస్తుంది.

అత్తయ్యగారికి కూడా ఒక మాట. నా క్లాసులో అందరికంటే గట్టిగా కొరికింది ఒక ఆడపిల్ల, దాని పంటి గాటు మచ్చ నా చేతి మీద ఇంకా ఉంది.

ప్రశ్న: భీముడంటే మాకు భారతంలో భీముడే. మా మనవడికి భీమ్ అంటే ఛోటా భీమ్ కార్టూన్లో లడ్డూలు తినే పిల్లాడు. ఇది మన పురాణాలని వెటకారం చేయడం కాదా? ఎవరు తీస్తారమ్మా ఇవన్నీ? (రాజమహేంద్రవరం నుంచి ఒక తాతగారు)

జవాబు: తీసింది మన హైదరాబాద్‌లోనే బాబాయ్‌గారూ. రాజీవ్ చిలక అనే ఆయన 2001లో పెట్టిన గ్రీన్ గోల్డ్ యానిమేషన్ వాళ్లది అది. ఛోటా భీమ్ 2008లో పోగో ఛానల్లో మొదలైంది. ఆ భీమ్ పాండవుడు కాదు, ఢోలక్‌పూర్ అనే ఊళ్లో ఉండే పిల్లాడు, పేరూ బలమూ ఆకలీ మాత్రం భారతం నుంచి అరువు తెచ్చుకున్నాడు. ఏకచక్రపురంలో బకాసురుడికి పంపిన బండెడన్నం కూర్చుని తినేసింది మీ భీముడే కదా? ఆయన ముందు ఈ పిల్లాడు తినే లడ్డూలు ఏపాటి?

నా ఫిర్యాదు వేరే ఉంది. లడ్డూ నోట్లో పడగానే కష్టం తీరిపోవడం, భీమ్‌తో పోటీపడే బొద్దు పిల్లాడు కాలియా ప్రతిసారీ నవ్వులపాలవడం, భీమ్ స్నేహితురాలు చుట్కీ ఎక్కువసార్లు పక్కనే నిలబడి ఉండటం, ఇవి నాకు నచ్చవు. అదే కంపెనీ 2019లో నెట్‌ఫ్లిక్స్‌కి మైటీ లిటిల్ భీమ్ అని ఒకటి చేసింది, పాకే వయసు భీమ్. అందులో మాటలుండవు, అందుకే ఏ దేశం పిల్లలకైనా ఎక్కేసింది. నవ్వులే ఎక్కువ. మూడేళ్ల వాళ్లకి నేనైతే అదే చూపిస్తాను. మీరు మాత్రం రాత్రి పడుకునేటప్పుడు ఆ బకాసురుడి కథ మనవడికి చెప్పండి, బండి, ఎడ్లు, గుమ్మడికాయంత ముద్దలు, అన్నీ పెట్టి చెప్పండి. రెండో రోజు ఆ కథే మళ్లీ అడుగుతాడో లేదో నాకు రాయండి.

ప్రశ్న: మా పాపకి మూడున్నరేళ్లు, డాలస్‌లో ఉంటాం. స్పైడీలో గ్వెన్ అనే హీరో పిల్ల అంటే ప్రాణం, పుట్టినరోజుకి ఆ డ్రెస్సే కావాలంటోంది. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ, ఆడపిల్లకి ఆ వేషమేంటి, పట్టు పరికిణీ వేయండి అంటున్నారు. ఇంకో బాధ, ఈ కార్టూన్ల వల్ల ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడుతోంది. (ఒక నాన్న)

జవాబు: పరికిణీ వేసి, ముఖానికి మాస్క్ పెట్టండి. ఫొటో తీసి నాకు పంపండి. అమ్మగారికి చెప్పండి, 2021లో వచ్చిన ఈ స్పైడీలో పీటర్, మైల్స్, గ్వెన్ ముగ్గురూ సమానమే, ఆ పిల్ల ఎవరికో టిఫిన్ బాక్స్ అందించడానికి లేదు, గోడలెక్కి తనే విలన్ని పట్టుకుంటుంది. మన పిల్లకి అది నచ్చితే మంచిదే.

భాష సంగతి. కార్టూన్ మాటలు నేర్పుతుంది కానీ మాట్లాడటం నేర్పదు, దానికి ఎదురు మనిషి కావాలి, ఆ మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు కదా, మీ అమ్మగారు. ఇంగ్లీషులో చూసినా ఫరవాలేదు, చూశాక కథంతా నాయనమ్మకి తెలుగులో చెప్పమనండి. పీజే మాస్క్స్ చూస్తే ఇంకా మజా. ఫ్రెంచ్ బొమ్మల పుస్తకాల్లోంచి వచ్చిన ఆ ముగ్గురు హీరోలు ఎవరో గమనించారా? ఒకడు పిల్లి, ఒకామె గుడ్లగూబ, ఒకడు బల్లి! ఎదురొస్తే ఒకటి, ఇంటి మీద వాలితే ఒకటి, మీద పడితే ఒకటి, మూడూ మన ఇళ్లలో అపశకునాలే. బల్లి హీరో అని తెలిస్తే మీ అమ్మగారు ఏమంటారో, అక్కడినుంచి ఎంత తెలుగు పుడుతుందో చూడండి.

ప్రశ్న: ఫోన్లో కార్టూన్ పెడితేనే ముద్ద మింగుతోంది మేడం. ఆపితే నోరు తెరవదు. ఏం చేయను? (కర్నూలు నుంచి)

జవాబు: మీ ఒక్కరి బాధే కాదు ఇది, మా అపార్ట్‌మెంట్‌లో రాత్రి ఎనిమిదింటికి ప్రతి తలుపు వెనకా అదే పాట వినిపిస్తుంది. బొమ్మ చూస్తూ తినే పిల్లకి ఏం తింటున్నదీ, కడుపు నిండిందీ తెలియదు, గిన్నె ఖాళీ అయిందని మనకి తృప్తి అంతే. స్క్రీన్ తీసేయండి, హీరోని ఉంచండి. 2017లోనే వచ్చిన ఇంకో పరిశోధన ఉంది, నాలుగేళ్లు, ఆరేళ్ల పిల్లలకి పది నిమిషాల విసుగు పని ఇచ్చి, పక్కనే ఆడుకోవడానికి ఐప్యాడ్ పెట్టారు. "నేను" అని ఆలోచించిన పిల్లల కంటే, బ్యాట్‌మ్యాన్ లాంటి వేషం వేసుకుని "బ్యాట్‌మ్యాన్ బాగా పనిచేస్తున్నాడా?" అని తనని తాను అడుగుకున్న పిల్లలు ఎక్కువసేపు పనిలో ఉన్నారు. మీరూ ఆ కిటుకు వాడొచ్చు, "ఔలెట్ పప్పన్నం తన చేత్తోనే తింటుందా?" అనండి. మొదటి మూడు నాలుగు రోజులు నానా యాగీ చేస్తుంది. ఒక పూట రెండు ముద్దలు తక్కువ తింటే కొంప మునగదు. బరువు తగ్గుతోందని అనుమానంగా ఉంటే మాత్రం పిల్లల డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: ఎంతసేపు చూడనివ్వొచ్చు? ఒక్క ముక్కలో చెప్పండి. (విజయనగరం నుంచి)

జవాబు: గంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది ఇదే, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట దాటకూడదు, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిది, రెండేళ్ల లోపు వాళ్లకి అసలు వద్దు. ఒక్క ముక్క అన్నారు కానీ ఇంకొకటి కూడా చెప్తాను, యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒకటయ్యాక ఇంకోటి దానంతటదే వచ్చేసే ఆటోప్లేని ఆపేయండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది. మా ఇంట్లో రెండు కథలయ్యాక టీవీ ఆపే పని మనవడికే అప్పజెప్పాను. చెయ్యి ముందుకి చాపి, కన్ను ఒకటి మూసి, "సూపర్ ఆఫ్!" అని అరిచి బటన్ నొక్కుతాడు. నొక్కాక ఒక్కోరోజు ఏడుస్తాడు కూడా.