అన్నీ ఉచితమే అయినా ఆడపిల్లల చదువు ఎందుకు ఆగిపోతోంది?

ప్రభుత్వ బడిలో ఫీజు లేదు, పుస్తకాలు ఇస్తారు, మధ్యాహ్నం అన్నం పెడతారు, అయినా ఆడపిల్లలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారని అడిగారు. తెలంగాణలో ఒక పల్లెటూరి ప్రభుత్వ హైస్కూల్లో చాలాకాలంగా టీచర్‌గా ఉన్నాను. నాకు కనిపించింది చెబుతాను.

మా తరగతుల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలే ఎక్కువ. తనిఖీకి వచ్చినవాళ్లు అది చూసి సంతోషపడతారు. ఆ పిల్లల అన్నదమ్ములు ఎక్కడున్నారో మాకు తెలుసు. పొద్దున్నే ఊళ్లోకి వచ్చే ప్రైవేటు స్కూలు బస్సులో ఉంటారు. ఒకే ఇల్లు, ఒకే కూలి డబ్బు. కొడుక్కి ఫీజు కట్టే బడి, కూతురికి ఫీజు లేని బడి. "ఇద్దరికీ కట్టలేం కదా మేడం" అంటారు. నిజమే, కట్టలేరు. కానీ ఒక్కరికే కట్టగలిగినప్పుడు ఆ ఒక్కరు ఎవరన్న చర్చ ఆ ఇంట్లో జరగనే జరగదు.

పత్తి ఏరే రోజులొచ్చాక మా హాజరు రిజిస్టరు చూడాలి. అమ్మ కూలికి పోతే చంటివాణ్ణి చూసుకునేది పెద్దపిల్ల, కాస్త ఎదిగితే తనే చేనుకు పోతుంది. కొన్నాళ్లు మానితే లెక్కల్లో వెనకబడుతుంది. వెనకబడ్డాక "దీనికి చదువు రాదు" అంటారు, ఆ మాటే రేపు మాన్పించడానికి సాకు అవుతుంది. భూమి లేని దళిత, గిరిజన కుటుంబాల్లో ఇది ఎక్కువ చూశాను. రోజు కూలి పోతే పొయ్యి వెలగని ఇంట్లో పిల్లను బడికి పంపడం ఉచితం ఎలా అవుతుంది?

2010 ఏప్రిల్ నుంచి అమలవుతున్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకే. అంటే ఎనిమిదో తరగతితో దాని పని అయిపోతుంది. ఇంట్లో పెళ్లి టెన్షన్ మొదలయ్యేదీ సరిగ్గా అప్పుడే.

ఎలాగో పది పాసైనా, కాలేజీ టౌన్లో ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, మంచిదే. బస్సు కూడా ఉండాలిగా! క్లాసులు అయ్యేసరికి మా వైపు వచ్చే చివరి బస్సు వెళ్లిపోతుంది. అబ్బాయైతే ఎవరి బండో ఎక్కి వస్తాడు. అమ్మాయి అలా వస్తే ఊరంతా మాట్లాడుకుంటుంది. పైగా తండ్రుల లెక్క ఇంకొకటి ఉంది: ఎక్కువ చదివిస్తే అంతకంటే చదివినవాణ్ణి చూడాలి, కట్నం పెరుగుతుంది. (కట్నం 1961 నుంచే నేరం, ఆ సంగతి వేరే.) ఈ లెక్క వేసుకున్న మనిషికి చదువు గొప్పదని ఉపన్యాసం ఇస్తే వింటాడు, టీ ఇప్పిస్తాడు, పంపడు.

నా అనుభవంలో బాగా పనిచేసింది హాస్టల్. బస్సు భయం, ఇంటి పని, ఊరి మాటలు మూడూ ఒక్కసారే తప్పుతాయి. ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునేలా 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలు మొదట ఎనిమిది వరకే ఉండేవి, ఇప్పుడు చాలాచోట్ల ఇంటర్ కూడా ఉంది. గురుకుల జూనియర్ కాలేజీలున్నాయి. బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కుల మీదే సీటిస్తారు, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజీ కూడా ఉంది. ఇవన్నీ ఫలితాలొచ్చాక చెబితే ఆలస్యం. నేను సంక్రాంతికి ముందే ఇళ్లకు వెళ్తాను, ముందు తల్లితో మాట్లాడతాను. తను చదువుకోలేకపోయిన బాధ ఆమెకు గుర్తుంటుంది, రాత్రి భర్తను ఒప్పించేదీ ఆమే. 18 నిండకుండా పెళ్లి ఖాయం చేస్తే మాత్రం పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాల్సిందే. ఇప్పటికే మానేసినవాళ్లకు ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ కట్టే దారి ఉంది.

మీకు తెలిసిన అమ్మాయి ఎవరైనా పదో తరగతిలో ఉంటే, ఆధార్‌లో, బడి రికార్డులో పేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూడండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లకు కూడా ముందే దరఖాస్తు పెట్టించండి. జూన్‌లో మీసేవ చుట్టూ తిరుగుతూ సీటు పోగొట్టుకున్న పిల్లలు మా బడిలోనే ఉన్నారు.