కామా, కొమ్మ, కొంచెం తిక్కన

సందేహం: ఎనిమిదో తరగతిలో విరామ చిహ్నాలు చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి "కామా అంటే అర్థమేంది మేడమ్?" అన్నాడు. లాటిన్ మాట అని చెప్పి కూర్చోబెట్టాను. మా బడిలో ఒక మాస్టారేమో అది మన 'కొమ్మ' నుంచే వెళ్ళిందంటారు. ఏది నిజం? కామా అనాలా, అల్పవిరామం అనాలా?
– ఒక ఉపాధ్యాయిని, కావలి

సమాధానం: ఆ పిల్లవాణ్ణి కూర్చోబెట్టకుండా ఉండాల్సిందమ్మా. మంచి ప్రశ్న అడిగాడు.

లాటిన్ ఇక్కడ గుమ్మం మాత్రమే, ఇల్లు గ్రీకుది. గ్రీకులో 'కొప్తైన్' అంటే నరకడం. నరికితే తెగిపడిన ముక్క 'కొమ్మ'. మొదట అది గుర్తు పేరు కాదు, వాక్యంలో చిన్న తునక పేరు. ఆ తునక చివర పెట్టే గుర్తుకు తర్వాత అదే పేరు అంటుకుంది. కోలన్‌దీ ఇదే కథ: 'కోలోన్' అంటే అవయవం, కాలో చెయ్యో. ఫుల్‌స్టాప్‌కు మరో పేరైన పీరియడ్ 'చుట్టుదారి', తిరిగి తిరిగి వాక్యం ఇల్లు చేరడం.

అసలైన లాటిన్ మాట పంక్చుయేషన్‌లో ఉంది. 'పుంగెరె' అంటే పొడవడం, 'పుంక్టుమ్' పొడిచిన చుక్క. మీ ఊరి హైవే పక్కన టైరుకు పంక్చర్ వేసే అబ్బాయి రోజూ పలికేది ఈ ధాతువే. కామాకు లాటిన్ సొంత పేరు 'విర్గుల', అంటే చిన్న బెత్తం. ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ కామాను ఆ పేరుతోనే పిలుస్తారు.

ఇక మాస్టారి కొమ్మ. గ్రీకు 'కొమ్మ', తెలుగు 'కొమ్మ' చెవికి ఒకటే. అంతమాత్రాన చుట్టరికం కలిపేస్తారా? మన కొమ్మకు తోబుట్టువులు ఇంట్లోనే ఉన్నారు: మన కొమ్ము, తమిళుల 'కొంబు'. చెట్టునుంచి చీలి పెరిగేది మన కొమ్మ, నరికితే పడేది వాళ్ళది. ధ్వని కలిసిందని వ్యుత్పత్తి చెప్పడం ఈమధ్య మరీ ఎక్కువైంది. తెలుగుకు గౌరవం ఇలా రాదు.

నరకడం సంగతి వచ్చింది కాబట్టి తిక్కనను తలవకుండా ఉండలేను. నెల్లూరిలో మనుమసిద్ధి కొలువులో ఉన్నవాడు, కామా ఎరగనివాడు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవసభలో అంటాడు: ధర్మాన్ని పాపం, సత్యాన్ని బొంకు చెరుస్తుంటే "దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగుఁ గాని..." ఆపగలిగీ ఊరుకున్నవాళ్ళకే చేటు అని. ఈనాటి అచ్చులో అయితే 'చేసిరి' తర్వాత కామా పడాలి. తిక్కన ఏం చేశాడు? సరిగ్గా అక్కడే సంధి చేశాడు. 'సేసిరి' చివరి ఇకారం జారిపోయి 'అది' వచ్చి అతుక్కుంది. 'ఎవ్వారలు' అన్న మాటనైతే రెండు పాదాల మధ్య విరిచి కూర్చాడు, అక్కడా ఊపిరి తీసుకోనివ్వడు. అయినా అర్థం ఎక్కడైనా తడబడిందా? 'ఎవ్వారలు' అనగానే చెవి 'అది' కోసం కాచుకుని ఉంటుంది. గ్రీకువాడు నరికిన చోట మనవాడు అతికాడు. ఈ పద్యం తరగతిలో ఒకసారి బిగ్గరగా చదివించండి.

తిక్కన దాకా ఎందుకు, మన అమ్మమ్మలు "అన్నమూ పులుసూ అప్పడమూ" అనేవారు. ఆ దీర్ఘాలే కామాలు. ఇప్పుడు "అన్నం, పులుసు మరియు అప్పడం" అట. "తిని, లేచి, చెయ్యి కడిగి, వచ్చి" అని అడుగడుగునా కామా పొడిచే రాతలు కూడా చూస్తున్నాను. 'తిని' అన్న రూపంలోనే 'ఇంకా ఉంది, ఆగు' అన్న సూచన ఉండగా మళ్ళీ పొడవడం ఎందుకు?

అలాగని కామాను వెళ్ళగొట్టమనను. "రాత్రి వండిన పులుసు తిన్నాం" అంటే నిన్నటి చేపల పులుసు. దాని రుచి నెల్లూరులో ఎవరికీ చెప్పనక్కర్లేదు. "రాత్రి, వండిన పులుసు తిన్నాం" అంటే తిన్నది రాత్రి. ఇక్కడ కామా తీసేస్తే పులుసు ఏ పూటదో తెలియదు.

పేరంటారా, అల్పవిరామంలోని 'విరామం' సంస్కృతమే, 'రమణ'లోని రమ్ ధాతువుకు 'వి' చేరితే ఆగడం అయింది. కామా గ్రీకు. రెండూ బయటినుంచి వచ్చినవే. పరీక్షలో అల్పవిరామం రాయించండి, మాటల్లో కామా అంటే తప్పుపట్టకండి. నాకు మటుకు అల్పవిరామమే ఇష్టం, అందులో నరకడం లేదు.