సివిల్ ఇంజినీరింగ్ చదువుతానంటున్న అమ్మాయిని ఆపాలా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. 2024 సెప్టెంబరు వరదలో మా ఇంట్లోకి నడుముల్లోతు నీళ్లొచ్చాయి. అప్పటి నుంచి ‘ఊరు మునక్కుండా చూసే చదువు చదువుతా, సీఎస్‌ఈ వద్దు’ అంటోంది. క్లైమేట్ పేరుతో కొత్త డిగ్రీ ఉందంటూ ఒక కాలేజీ వాళ్లు ఫోన్లు చేస్తున్నారు. అందులో చేర్పించమంటారా? సివిల్ అయితే ఉద్యోగం వస్తుందా? వాళ్ల నాన్నగారికి, నాకు ఒకటే టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆ ఫోన్ల సంగతి తేల్చేద్దాం. ఇంటర్ అవగానే అలాంటి కోర్సులో చేర్పించకండి. ఊరిని ఎండకీ వానకీ తట్టుకునేలా చూసుకోవడం ఎక్కడో కొత్తగా పుట్టిన విద్య కాదు. కాలువలు, కల్వర్టులు, రోడ్లు, పంపులు, కరెంటు లైన్లు... పని ఎప్పుడూ ఉన్నదే, దాని వెనక లెక్కలే మారాయి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టి ఉంచగలదు. అందుకే వాన కురిసినప్పుడు కుండపోతగా కురుస్తోంది. పాత వానల లెక్కతో తవ్విన కాలువకి ఆ నీళ్లు పట్టవు. ఆ లెక్కని మళ్లీ వేయగలగాలంటే సివిల్ పునాది గట్టిగా ఉండాలి. ప్రభుత్వంలో అసిస్టెంట్ ఇంజినీరు పోస్టుకి అడిగేదీ సివిల్ చదువే. క్లైమేట్ మీద ప్రత్యేక చదువు పీజీలో చూసుకోవచ్చు.

మీరు అనుభవించిన వరదనే తీసుకోండి. బుడమేరు వాగు మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరులో కలుస్తుంది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ పెట్టి, వరదని డైవర్షన్ కాలువ ద్వారా కృష్ణలోకి మళ్లించే ఏర్పాటు చేశారు. అయితే ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకి పైగా ప్రవాహం వచ్చింది. నది నిండుగా ఉంటే అందులో కలవాల్సిన కాలువ ఖాళీ కాదు, నీరు వెనక్కి ఎగదన్నుతుంది. పైనుంచి బుడమేరు పోటు, కింద నిండు కృష్ణ. బుడమేరు గట్లకి గండ్లు పడ్డాయి, వాటిని పూడ్చడానికి సైన్యం కూడా రావాల్సి వచ్చింది. అదే సమయంలో నది ఒడ్డున ఉన్న కృష్ణలంకని రిటైనింగ్ వాల్ కాపాడింది. ఒకే ఊళ్లో ఒక పేట మునిగింది, ఇంకో పేట నిలబడింది. ఎందుకలా అని అడగడం దగ్గరే ఈ వృత్తి మొదలవుతుంది. మీ అమ్మాయి ఆ ప్రశ్న అప్పుడే వేసుకుంది. దాన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఆమె ముందు రెండు దారులున్నాయి. ఒకటి బీటెక్ సివిల్, ఈఏపీసెట్ ద్వారా. రెండోది చాలామందికి తెలియదు, పైగా మన ఊళ్లోనే ఉంది: స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, విజయవాడ. అక్కడ నాలుగేళ్ల బ్యాచిలర్ ఆఫ్ ప్లానింగ్ ఉంది. దానికి మామూలు జేఈఈ మెయిన్ ఇంజినీరింగ్ పేపర్ రాస్తే సరిపోదు. దరఖాస్తు నింపేటప్పుడే ప్లానింగ్ పేపర్‌ని విడిగా ఎంచుకోవాలి. ఇది తెలియక మంచి పిల్లలు అవకాశం పోగొట్టుకోవడం చూశాను, నాకు చాలా బాధగా ఉంటుంది. తేడా ఏమిటంటే, కాలువ ఎంత వెడల్పు ఉండాలో ఇంజినీరు లెక్కేస్తారు. ఆ కాలువ ఒడ్డున ఇళ్లకి అనుమతి ఇవ్వొచ్చా, చెరువు స్థలాన్ని ఎలా కాపాడాలి అని ప్లానర్ ఆలోచిస్తారు. లెక్కలు ఇష్టమైతే మొదటిది, మనుషులు, మ్యాపులు, నిబంధనలు ఇష్టమైతే రెండోది. మీరు రాసిన దాన్ని బట్టి నాకైతే మీ అమ్మాయి మొదటి రకమనిపిస్తోంది.

సివిల్‌లో చేరితే హైడ్రాలజీ (వాన, నీటి ప్రవాహాల లెక్కలు) సబ్జెక్టుని మార్కుల కోసం బట్టీ పట్టొద్దని చెప్పండి. ఎకరం నేల మీద 10 సెంటీమీటర్ల వాన పడితే సుమారు 4 లక్షల లీటర్ల నీళ్లు. అదే పొలమైతే కొంత ఇంకుతుంది, సిమెంటు చేసిన వీధిలో దాదాపు అన్నీ కాలువకే వస్తాయి. ఈ చిన్న లెక్క మీదే వరద కాలువల డిజైన్ అంతా నడుస్తుంది. రెండో ఏడాది నుంచే క్యూజీఐఎస్‌లో మ్యాపులు గీయడం, స్వమ్ (SWMM)లో వాన నీటి కాలువల నమూనా కట్టడం, హెక్‌రాస్ (HEC-RAS)లో నది వరద ఎంత దూరం పాకుతుందో చూడడం నేర్చుకోవాలి. ఈ మూడు సాఫ్ట్‌వేర్లూ ఉచితంగా దొరుకుతాయి, ఇంట్లో ఉన్న లాప్‌టాప్ చాలు. తర్వాత గేట్ రాస్తే నీటి వనరుల్లోనో, పర్యావరణ ఇంజినీరింగ్‌లోనో ఎంటెక్‌కి దారి ఉంటుంది. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది క్యాంపస్ కూడా ఉంది. వాళ్ల శిక్షణ కార్యక్రమాల మీద ఓ కన్నేసి ఉంచండి.

ఇక ఉద్యోగం. దాచకుండా చెబుతాను. మొదటి రెండు మూడేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితుల కంటే జీతం తక్కువగానే ఉండొచ్చు, సైట్‌లో ఎండలో నిలబడాలి. ఏపీపీఎస్సీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు, దాని కోసమే ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చోబెట్టొద్దు. ఆ లోగా మున్సిపాలిటీలకి ప్రాజెక్టు రిపోర్టులు తయారుచేసే కన్సల్టెన్సీల్లో చేరితే పని వస్తుంది. ‘ఆడపిల్ల సైట్‌కి ఎలా వెళ్తుంది’ అని బంధువులు అంటారు. వెళ్తుంది. వెళ్తున్న అమ్మాయిలు నాకు తెలుసు.

నిర్ణయానికి ముందు ఒక చిన్న పని. ఒక ఆదివారం అమ్మాయి, వాళ్ల నాన్నగారు కలిసి మీ వీధి కాలువ వెంట నడవాలి. అది ఎక్కడ మలుపు తిరుగుతోంది, ఎక్కడ పూడిక పేరుకుంది, ఏ కల్వర్టు దగ్గర ఇరుకైంది, చివరికి ఎందులో కలుస్తోంది, ఇవన్నీ కాగితం మీద గీయమనండి. రెండు మూడు గంటలు పడుతుంది, వాసన భరించాలి. ఇంటికొచ్చాక కూడా దాని గురించే మాట్లాడుతూ ఉంటే, ఆ కాగితం పట్టుకుని ముగ్గురూ నా దగ్గరికి రండి. ఆప్షన్లు ఏ వరుసలో పెట్టాలో కూర్చుని చూద్దాం.