డిస్నీలో పులిహోర డబ్బా విప్పితే పరువు పోతుందా?

ప్రశ్న: మాది నరసరావుపేట. పెళ్లయ్యాక అమెరికా వచ్చాం. ఇప్పుడు అట్లాంటా దగ్గర ఉంటున్నాం. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగు. రెండేళ్ల క్రితం మేం నలుగురం ఆర్లాండోలో డిస్నీ వరల్డ్ చూడ్డానికి వెళ్లాం. తిండికి అయిన ఖర్చు లెక్క చూసుకుని చివరి రోజు పిల్లల ముందే గొడవపడ్డాం. ఈ జూన్‌లో అత్తగారినీ మామగారినీ తీసుకుని మళ్లీ వెళ్తున్నాం. కారులోనే ప్రయాణం. ఆర్లాండో పక్కనే ఉన్న కిసిమ్మీలో నాలుగు రోజులకు ఇల్లు అద్దెకు తీసుకున్నాం. మామగారికి షుగర్. ఆయనా అత్తగారూ గుడ్డు కూడా ముట్టరు. "పులిహోర, చపాతీలు పట్టుకెళ్దాం, ఆ రేట్లు పెట్టి ఎవరు తింటారు?" అంటారు అత్తగారు. "అంత పోసి టికెట్లు కొని అక్కడ డబ్బాలు విప్పుకుని కూర్చుంటామా? మా ఆఫీసువాళ్లు చూస్తే?" అంటారు మావారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందనిపిస్తుంది. ఒక్కటి మాత్రం ఎవరితోనూ అనలేకపోతున్నాను. డబ్బాలు పట్టుకెళ్లడమంటే పొద్దున్నే లేచి ఆరుగురికీ వండాల్సింది నేనే. ఆ మాట అంటే అత్తమామలకు చేయడం ఇష్టం లేదనుకుంటారేమోనని భయం. ఏం చేయమంటారు?

జవాబు: మీరు చివర్లో రాసిన మాటే అన్నిటికంటే ముందు రావాల్సింది. మీవారు పరువు గురించి ఆలోచిస్తున్నారు, అత్తగారు డబ్బు గురించి ఆలోచిస్తున్నారు. ఆ వంట ఎవరు చేస్తారన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు. ఖర్చు తగ్గించుకోవడం మంచిదే. కానీ తగ్గిన ప్రతి డాలరూ మీ నిద్రలోంచి, మీ నడుములోంచి వస్తే మాత్రం అది పొదుపు కాదు. ఆ ఇంట్లో ఒక్కరికి సెలవు లేనట్టే. ఇలా అనడం అత్తమామల మీద అయిష్టం ఎందుకవుతుంది? ఆ భయం వదిలేయండి.

ముందు మీవారి సంగతి చూద్దాం. ఆయన్ని ఎగతాళి చేయకండి, "మీకు లేనిపోని గొప్పలు" అనీ అనకండి. అమ్మానాన్న అంత దూరం నుంచి వస్తే వాళ్లకు అన్నీ ఘనంగా చూపించాలని ఏ కొడుక్కి ఉండదు? ఆ ఆశే ఆయన నోట పరువు మాటగా వస్తోందని నాకనిపిస్తోంది. రైలెక్కిన గంటకే పులిహోర పొట్లాలు విప్పే ఇళ్లలో పెరిగినవాళ్లమే మనమంతా. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడు ఎందుకొచ్చిందంటే, చూసేవాళ్లు "వీళ్లకు కొనే స్తోమత లేదు" అనుకుంటారని. అందుకే ఆయనకు ఈ విషయం నెమ్మదిగా చెప్పండి: బయటి తిండి తెచ్చుకోవచ్చని డిస్నీ వరల్డ్ నిబంధనల్లోనే ఉంది. గేటు దగ్గర సంచులు తనిఖీ చేసేవాళ్లు రోజూ ఎన్నో కుటుంబాల శాండ్‌విచ్‌లూ పండ్ల డబ్బాలూ చూస్తూనే ఉంటారు. అక్కడ సొంత తిండి తినేవాళ్లలో అమెరికావాళ్లే ఎక్కువ.

ఆ నిబంధనలు పెద్ద కష్టమైనవి కావు. గాజు సీసాలు వద్దు, కాబట్టి ఆవకాయ అయినా కందిపొడి అయినా స్టీలు డబ్బాలోకో ప్లాస్టిక్ డబ్బాలోకో మార్చండి. అక్కడ వేడి చేయాల్సిన పదార్థాలు, ఘాటైన వాసన వచ్చేవి తేకూడదు. తిండి చల్లగా ఉంచే కూలర్ పెట్టె 24 అంగుళాల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తు మించకూడదు. అందులో విడి ఐసు ముక్కలు ఒప్పుకోరు, ఫ్రీజర్‌లో గడ్డకట్టించే ఐస్ ప్యాకులు పెట్టుకోండి. పార్కు ముందుభాగంలో అద్దె లాకర్లు ఉంటాయి. రోజంతా కూలర్ మోయక్కర్లేదు, లాకర్‌లో పెట్టి తినే వేళకు తెచ్చుకోవచ్చు. ఒకవేళ ఆర్లాండోలోనే ఉన్న, డిస్నీవి కాని యూనివర్సల్ పార్కులకు కూడా వెళ్దామనుకుంటే అక్కడి నియమాలు ఇంతకంటే చాలా గట్టివి. అక్కడ చిన్న చిరుతిళ్ల వరకే కుదురుతుంది.

ఇప్పుడు లెక్క. డిస్నీలో కౌంటర్ దగ్గర తెచ్చుకునే భోజనం పెద్దవాళ్లకు సుమారుగా 12 నుంచి 18 డాలర్ల మధ్య ఉంటుంది. ఆరుగురు మధ్యాహ్నం, రాత్రి అక్కడే తిని, నీళ్ల సీసాలూ చిరుతిళ్లూ కొంటే రోజుకు 200 డాలర్లు తేలిగ్గా దాటుతుంది. మిక్కీ వేషంవాళ్లు టేబుల్ దగ్గరకు వచ్చి పలకరించే బఫేలకు వెళ్తే పెద్దవాళ్లకు మనిషికి 50 డాలర్ల పైనే. గుడ్డు తినని ఇద్దరు, షుగర్ ఉన్న ఒకరు ఆ బఫేలో తినేదెంత? మీ ఇంటికి అది దండగ. అదే పొద్దున టిఫిన్ కిసిమ్మీ ఇంట్లో, మధ్యాహ్నం డబ్బా, రాత్రికి కౌంటర్ భోజనం అనుకుంటే ఖర్చు దాదాపు సగానికి పడుతుంది. ఫ్లోరిడాలో హోటల్ తిండికి సేల్స్ ట్యాక్స్ ఉంది, మామూలు కిరాణా తిండి సరుకులకు లేదు. దారిలో పబ్లిక్స్‌లోనో వాల్‌మార్ట్‌లోనో పాలు, పెరుగు, పండ్లు, బ్రెడ్ తీసుకోండి. పప్పు, బియ్యం, పొడులు ఇంటి నుంచే కారులో వేసుకోవచ్చు.

నీళ్ల సంగతి చాలామందికి తెలియదు. సోడాలు పోసే కౌంటర్ ఎక్కడున్నా అడిగితే గ్లాసుడు ఐసు నీళ్లు ఉచితంగా ఇస్తారు. మరేమీ కొనక్కర్లేదు. ఆరుగురికీ తలో సీసా తీసుకెళ్లి నింపుకోండి. జూన్ ఎండలో ఒక్క నీళ్లకే రోజుకు ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది.

ఇక అసలు విషయం, వంట. పొద్దున్నే లేచి వండడం అన్న మాటే పెట్టుకోకండి. పులిహోర పులుసు అత్తగారి చేత మీ ఇంట్లోనే, బయల్దేరే ముందే కాయించండి. ఈ సలహా ఇచ్చింది ఆవిడే కాబట్టి సంతోషంగా చేస్తారు. పరాయి దేశంలో ఏ పనీ తోచక కూర్చునే పెద్దవాళ్లకు తమ చేత్తో చేయగలిగే పని ఒకటి దొరకడం ఎంత ఊరటో, వాళ్లతో మాట్లాడినప్పుడు నాకు చాలాసార్లు తెలిసింది. ఆ పులుసు ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులూ చక్కగా ఉంటుంది. రాత్రి కుక్కర్ పెట్టడం, అన్నం ఆరబెట్టడం మీవారి పని. చపాతీలు ఇండియన్ స్టోర్‌లో దొరికే ఫ్రోజెన్‌వి తీసుకోండి, ఎవరైనా కాల్చగలరు. పండ్లు కడగడం, జంతికలూ బాదంపప్పులూ చిన్న కవర్లలో సర్దడం మీ పాప చేస్తుంది. మీకు ఏ పని ఇవ్వాలో మీరే ఎంచుకోండి, ఒక్కటే. నాలుగు రోజుల్లో ఒక రోజు డబ్బా అసలే వద్దు. ఆ రోజు పొయ్యి వెలగదని ముందే అందరికీ చెప్పేయండి.

అన్నం విషయంలో మాత్రం జాగ్రత్త. వండిన అన్నం బయట రెండు గంటలకు మించి ఉంచకూడదంటారు. ఎండ 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే గంటే. జూన్‌లో ఆర్లాండోలో మధ్యాహ్నానికి అంత ఎండ మామూలే. చింతపండు పడింది కదా, పులిహోర ఏమీ కాదు అని మన ఇళ్లలో ఒక నమ్మకం. పులుపు కొంత కాపాడుతుంది గానీ ఆ వేడికి దాని మీద భారం వేయొద్దు. పులిహోర అయినా పెరుగన్నం అయినా కూలర్‌లోనే ఉండాలి, పన్నెండు లోపు తినేయాలి. అలా తింటే ఇంకో లాభం ఉంది. ఫ్లోరిడాలో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వానలు పడుతుంటాయి. వాన మొదలైతే జనమంతా లోపలికి దూరతారు, కూర్చునే చోటు దొరకదు. అప్పటికి మీ భోజనాలు అయిపోయి ఉంటాయి.

మామగారి భోజనాన్ని మాత్రం ఎవరి క్యూతోనూ ముడిపెట్టకండి. "ఈ రైడ్ అయ్యాక తిందాం" అనుకునేలోపు గంట గడుస్తుంది, షుగర్ మందు వేసుకున్న మనిషికి అది ప్రమాదం. పైగా రోజంతా నడక. ఇంట్లో ఉన్నప్పటికంటే షుగర్ బాగా పడిపోయే అవకాశం ఉంది. మందుల మోతాదు గురించి బయల్దేరే ముందే ఆయన డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి. గ్లూకోజ్ బిళ్లలు, ఒక పండు, గుప్పెడు పప్పులు ఆయన జేబులోనే ఉండాలి. మీ హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంటే సరిపోదు, ఎందుకంటే మీరు బాబుతో మరో క్యూలో ఉండొచ్చు. డబ్బా పట్టుకెళ్లడానికి ఇంతకంటే గట్టి కారణం నాకు కనిపించదు. పరువు సంగతి ఎత్తినప్పుడు మీవారికి ముందు ఇదే చెప్పండి.

మీవారి కోరికకూ చోటివ్వాలి. ఒక్క పూట, అమ్మానాన్నకు గుర్తుండిపోయే భోజనం పెట్టించనివ్వండి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్లో సానా అని ఒక రెస్టారెంట్ ఉంది. పార్కు టికెట్ అక్కర్లేదు. ఆఫ్రికా, భారతీయ రుచులు కలిపి వండుతారు. నాన్ లాంటి రొట్టెలు, వాటితో రకరకాల చట్నీలు తెచ్చిపెట్టే బ్రెడ్ సర్వీస్‌కి అక్కడ మంచి పేరు. కిటికీల్లోంచి జిరాఫీలూ జీబ్రాలూ మేస్తూ కనిపిస్తాయి. రొట్టెల్లో గుడ్డు పడుతుందేమో వడ్డించేవాళ్లను ముందే అడగండి, ఏది ఎందులో ఉందో వివరంగా చెబుతారు. ఆరుగురు లేదా అంతకంటే ఎక్కువమంది వెళ్తే బిల్లులో 18 శాతం టిప్ వాళ్లే కలుపుతారు, అది లెక్కలో వేసుకోండి. ఇక రాత్రి కౌంటర్ భోజనాలకు యానిమల్ కింగ్‌డమ్ అనే డిస్నీ పార్కు లోపల సటూలీ క్యాంటీన్ బాగుంటుంది. అన్నం మీద కూరగాయలు, టోఫు వేసి ఇస్తారు. ఏ హోటల్లో ఏముందో, ధర ఎంతో డిస్నీ యాప్‌లోనే ఉంటుంది. ఇంట్లో సోఫాలో కూర్చునే చూసుకోవచ్చు.

అలా చూసుకుని, నాలుగు రోజుల తిండికి ఎంత పెట్టగలరో మీరిద్దరే ఒక మాట అనుకోండి. ఆ మొత్తాన్ని డిస్నీ గిఫ్ట్ కార్డులో వేసేయండి. సూపర్‌మార్కెట్లలో దొరుకుతుంది. కార్డు మీవారి దగ్గరే ఉండనివ్వండి. అందులో డబ్బున్నంత వరకు ఎవరూ ఏ వస్తువు ధరా ఎత్తకూడదు. పోయినసారి మీ గొడవకు కారణం ఖర్చొక్కటే అనుకోను. ప్రతి కౌంటర్ దగ్గరా మనసులో కూడుకుంటూ, పైకి అనకుండా అన్ని రోజులూ మోసి, చివరి రోజు ఇద్దరూ ఒక్కసారే బయటపెట్టుంటారు. పాపకు రోజుకు ఇంత అని విడిగా చేతికివ్వండి. మిక్కీ ఐస్‌క్రీమ్ కొనుక్కుంటుందో, దాచుకుని బొమ్మ కొనుక్కుంటుందో దాని ఇష్టం. బాబుకు రోజుకు ఒక్క చిరుతిండి అని పొద్దున్నే చెప్పేస్తే కనపడ్డ ప్రతి బండి దగ్గరా ఏడుపు ఉండదు.

అత్తగారు ప్రతి ధరనూ రూపాయల్లోకి మారుస్తారు. ఇది ఖాయం. నాలుగు డాలర్ల నీళ్ల సీసా చూసి "మూడొందల రూపాయలు దాటిందా!" అంటారు. ఆవిడ జీవితమంతా పైసా పైసా చూసి ఇల్లు నడిపిన మనిషి అయ్యుంటారు, తప్పు పట్టకండి. కానీ పిల్లల చేతిలో ఐస్‌క్రీమ్ ఉండగా ఆ మాట అంటే వాళ్లకు అది చేదైపోతుంది. "అమ్మా, తిండికి డబ్బు వేరే తీసిపెట్టాం, నువ్వు లెక్కలు పెట్టుకోవద్దు" అని ముందే చెప్పాల్సింది మీరు కాదు, మీవారు. కొడుకు చెబితే అది ప్రేమగా వినపడుతుంది, కోడలు చెబితే ఆంక్షలా వినపడుతుంది. న్యాయం కాకపోయినా మన ఇళ్లలో ఇప్పటికీ ఇంతే.

మీవారితో ఈ మాటలన్నీ పెద్దవాళ్లు రాకముందే, పిల్లలు నిద్రపోయాక మాట్లాడండి. ఆర్లాండో దారిలో ఏడు గంటల డ్రైవింగ్‌లో మాత్రం వద్దు. "అత్తయ్యగారూ మామయ్యగారూ ఈ ట్రిప్‌ని చాన్నాళ్లు చెప్పుకోవాలని నాకూ ఉంది. కానీ నేనూ సెలవు మీదే వస్తున్నాను. రాత్రిపూట అన్నం మీరు చూసుకుంటే, పొద్దున నేను కూడా మీతోపాటే నిద్ర లేస్తాను" అనండి. ఇంతకంటే పొడిగించకండి, పాత గొడవ తవ్వకండి. ఆయన "సరేలే చూద్దాం" అని దాటేస్తే, ఏ రాత్రి ఎవరి పనో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. అందులో మీ పేరు ఎన్నిసార్లు ఉందో ఆయనే లెక్కపెట్టుకుంటారు.

పాపతోనూ ఒక మాట చెప్పాలి. అప్పుడు దానికి ఏడేళ్లు, ఆ గొడవ మర్చిపోయి ఉండదు. "ఈసారి డబ్బు గురించి అమ్మా నాన్నా ముందే మాట్లాడుకున్నాం, నువ్వు భయపడక్కర్లేదు" అని మీ ఇద్దరూ కలిసి చెబితే, అక్కడ ఏదైనా అడగడానికి అది జంకదు. సానా టేబుల్ రిజర్వేషన్లు 60 రోజుల ముందు నుంచే ఇస్తారు, సెలవుల్లో తొందరగా అయిపోతాయి. మీవారితో మాట్లాడిన రాత్రే తారీఖు చూసుకుని, ఆ పని ఆయనకే అప్పజెప్పండి.