మీ ప్రశ్నలు - మా జవాబులు: చేలో రాళ్ల వలయం తీసేయొచ్చా?

ప్రశ్న: సార్, కల్యాణదుర్గం దగ్గర మాకు నాలుగెకరాల చెనక్కాయ చేను ఉంది. ఒక మూల పదీ పన్నెండు గుండ్లు ఎవరో పేర్చినట్టు గుండ్రంగా ఉన్నాయి, మధ్యలో ఒక బండ అంచు పైకి తేలింది. మా అవ్వ వాటిని పాండవుల గుళ్లు అంటుంది, అటువైపు మడక పోనివ్వదు. మా బావమరిదేమో జేసీబీ పిలిపించి తీసేద్దాం, కింద ఏమైనా దొరికినా దొరుకుతుంది అంటున్నాడు. ఏం చేయమంటారు? - ఒక రైతు

జవాబు: మీ అవ్వ మాట వినండి. పాండవుల విషయంలో కాదు, మడక విషయంలో.

మీరు చెప్పినదాన్ని బట్టి అది సమాధి అయ్యే అవకాశమే ఎక్కువ. మీ పక్కనున్న ముదిగల్లులో ఇలాంటివి చాలా ఉన్నాయి, అక్కడివాళ్లు రాకాసి గుళ్లు అంటారు. ఇంత పెద్ద బండలు మనుషులు ఎత్తలేరు, రాక్షసులో పాండవులో ఎత్తి ఉంటారు అని మన పెద్దలు పేరు పెట్టుకున్నారు. ఎత్తింది మాత్రం మనలాంటి మనుషులే. దక్షిణాదిలో ఇనుము వాడకం మొదలైన కాలంవాళ్లు, సుమారుగా క్రీ.పూ. 1200 నుంచి 300 మధ్య. పత్తికొండ దగ్గర ఎర్రగుడిలో అశోకుడి శాసనం చెక్కేనాటికే వీటిలో కొన్ని వందల ఏళ్ల పాతవి.

లోపల ఎలా ఉంటుందంటే, గుంత తవ్వి నాలుగు సాపబండలు నిలబెడతారు. ఒక్కో బండ అంచు పక్క బండను దాటి ముందుకొచ్చేలా ఆనిస్తారు, పైనుంచి చూస్తే స్వస్తిక్ ఆకారం కనబడుతుంది. ఇది అందం కోసం కాదు, బయటి మట్టి ఎంత ఒత్తినా బండలు ఒకదాన్నొకటి పట్టుకుని లోపలికి పడకుండా ఉంటాయి. సిమెంటు లేదు, సున్నం లేదు. పైన మూతబండ. చాలాచోట్ల తూర్పు బండకు గుండ్రంగా ఒక కంత కూడా తొలుస్తారు. చుట్టూ రాళ్లు, మట్టి కుప్పపోసి, అంచున గుండ్లు పేర్చితే మీరు చూస్తున్న వలయం.

లోపల నిండు శవమే ఉండాలని లేదు. చాలా సమాధుల్లో ఏరి తెచ్చి పెట్టిన కొన్ని ఎముకలే ఉంటాయి, ఒక్కోసారి ఒకరికంటే ఎక్కువమందివి. పక్కన కుండలు, ఇనప కత్తులు, బాణపు ములుకులు, పూసలు. బంగారం దొరకడం చాలా అరుదు, మీ బావమరిదికి ఈ ముక్క గట్టిగా చెప్పండి! గుప్తనిధుల పిచ్చితో రాత్రిళ్లు తవ్వేవాళ్లు మన సీమలో పాడుచేసిన సమాధులకు లెక్కలేదు. కుండలు పగలగొట్టి, ఎముకలు గెనెం మీదికి విసిరేసి, ఏమీ దొరక్క పోతారు. ఏ కుండ ఏ ఎముక పక్కన ఉంది, ఏ మట్టి పొర కింద ఉంది అన్నదే అసలు సమాచారం, ఒకసారి కదిపాక దాన్ని ఎవరూ తిరిగి పెట్టలేరు. రాయదుర్గం అవతల బ్రహ్మగిరిలో 1947లో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త వీలర్, పొరలు చూసి, ఈ సమాధులు క్రీ.పూ. 200 నుంచి మొదలయ్యాయి అనుకున్నాడు. తర్వాత కర్ణాటకలోనే హల్లూరులో దొరికిన బొగ్గుకు, దాని వయసు తేల్చే రేడియోకార్బన్ పరీక్ష చేస్తే ఇనుము కాలం క్రీ.పూ. 1000 దాకా వెనక్కి పోయింది. పొరలో చెదరకుండా ఉన్న పిడికెడు బొగ్గు అన్ని వందల ఏళ్ల లెక్క మార్చింది.

కాబట్టి జేసీబీ వద్దు. ఫోటోలు తీసి తహసీల్దార్‌కు ఒక అర్జీ ఇవ్వండి, పురావస్తు శాఖకు తెలియజేయమని అందులోనే రాయండి. చుట్టూ నాలుగడుగులు వదిలి సాగు చేసుకోండి.

ప్రశ్న: ఇవి ఇంగ్లండులోని స్టోన్‌హెంజ్ లాంటివేనా? - నంద్యాల నుంచి ఒక విద్యార్థిని

జవాబు: కాదమ్మా. అక్కడి పెద్ద రాళ్లు నిలబెట్టింది సుమారు క్రీ.పూ. 2500లో, మనవాటికంటే చాలా ముందు. ఆ వలయం అడ్డంగా 30 మీటర్లు ఉంటుంది, నిలువు రాళ్ల మీద అడ్డరాళ్లు ఉంటాయి. అక్కడ కూడా కాల్చిన ఎముకలు పూడ్చారు, పోలిక అంతవరకే. మన గుండ్లు చాలావరకు మోకాలెత్తు, నడుమెత్తు. ‘ఆంధ్రా స్టోన్‌హెంజ్’ అని వీడియోలకు పేరు పెట్టేవాళ్లని చూస్తే నాకు చిరాకు. మనవాటికి మన పేర్లున్నాయి కదా.

ప్రశ్న: ఇలాంటి రాళ్ల దగ్గర ఒక కుండ పెంకు దొరికితే ఇంటికి తెచ్చుకున్నాను. బయట ఎర్రగా, లోపల నల్లగా ఉంది. అమ్మ పారేయమంటోంది. - కడప పాఠకుడు

జవాబు: పారేయకండి. ఆ రెండు రంగులే దాని గుర్తు. కుండను ఆములో బోర్లించి కాలిస్తే బయట గాలి తగిలి ఎర్రబడుతుంది, లోపలికి గాలి అందక నల్లబడుతుంది అని చెబుతారు. అంచును వెలుతురుకు వాల్చి చూడండి, నలుపు ఎక్కడ ఆగి ఎరుపు ఎక్కడ మొదలైందో ఆ గీత కనబడుతుంది. పైన గోటితో గీసినట్టు ఏదైనా గుర్తు ఉందా అదీ చూడండి, ఆ కాలం కుండల మీద అలాంటివి ఉంటాయి.

కడగొద్దు, బ్రష్ పెట్టి రుద్దొద్దు. ఒక కవరులో వేసి ఏ ఊరు, ఏ చేను, రాళ్లకు ఎటువైపు దొరికింది, ఏ తేదీ అని చీటీ రాసి పెట్టి, మీ కడప మ్యూజియంలో అప్పజెప్పండి. ఇంకోసారి కనబడితే ఫోటో తీసి అక్కడే వదిలేయండి. ఈలోగా అమ్మగారు అడిగితే పాతకాలం కుండ పెంకు అనండి చాలు, సమాధి మాట ఎత్తారంటే కవరుతో సహా మిమ్మల్నీ బయట నిలబెడుతుంది.