ల్యాబ్ పరికరం దరఖాస్తు తిరిగొస్తే

మైక్రోస్కోప్ కోసం మీ బడి పెట్టిన దరఖాస్తును అమెరికా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ల్యాబ్ తిప్పి పంపిందంటే, లోపం దరఖాస్తు ఉత్తరంలోనే ఉండొచ్చు. 15 యూఎస్‌సీ 3710(ఐ) అనే అమెరికా చట్ట నిబంధన కింద తనకు అక్కర్లేని పరిశోధన పరికరాన్ని ల్యాబ్ నేరుగా ఇచ్చేయొచ్చు. కానీ శాస్త్ర, సాంకేతిక విద్యకో పరిశోధనకో మాత్రమే. "పిల్లలకు పనికొస్తుంది" అంటే చాలదు.

1. ఏ తరగతి, ఏ ప్రయోగం, ఎవరు నేర్పుతారు, ఈ మూడూ రాయండి. "తొమ్మిదో తరగతి జీవశాస్త్రంలో ఉల్లిపొర కణాలు చూపడానికి", ఇంత స్పష్టంగా. అందరూ వదిలేసేది ఇదే.
2. పరికరం ఏ స్థితిలో ఉందో చెప్పే కండిషన్ కోడ్ చూడండి: 4 వాడదగినది, 7 మరమ్మతు కావాలి, ఎక్స్ అయితే బాగుచేయడం గిట్టదు. 7 తీసుకునే ముందు రిపేరు చేసే మనిషిని చూసుకోండి, లేకపోతే అది మూలన పడుంటుంది.
3. దరఖాస్తు పెట్టేది బడి కాక లాభాపేక్ష లేని సంస్థయితే పన్ను మినహాయింపు పత్రం జతచేయండి.
4. రవాణా ఖర్చు సాధారణంగా తీసుకునేవాళ్లదే.